గోరింక మీద తెల్ల జెండా

1. మచిలీపట్నం, ఉత్తర రేవు

వకుళ చివరి రోజు ఇలా గడిచింది.

పొద్దున్నే పెద్ద గిన్నెలో పసుపు కాచింది. ముతక నూలు గుడ్డ ఒకటి అందులో ముంచి, పిండి, నా చేతికిచ్చి, “నీడన ఆరెయ్యండి, ఎండలో వద్దు” అంది. ఆరేశాను. పరాయి జలాలకి వెళ్లే పడవ ఏదైనా సరే, లోపలికి రమ్మనేదాకా పసుపు జెండా కట్టుకుని సరిహద్దు గీత బయట నిలబడాలి. కొట్లో కొనుక్కోవచ్చు. వంటగదిలో పసుపు పెట్టుకుని కొనడమేమిటని తన వాదన.

పదింటికి రేవు కబురువాడు వచ్చి ఒక మట్టి ముద్ర ఇచ్చి వెళ్లాడు. నీటిపేట సమాఖ్య అనే చిన్న దేశపు వీసా. తొమ్మిదేళ్లుగా తను అడుగుతోంది, వాళ్లు కాదంటున్నారు. ముద్రని అటూ ఇటూ తిప్పి చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

“అక్కడ చూడ్డానికేముంది వకుళా?”

“ఏమీ లేదుట.”

“మరి?”

“వాళ్లు వద్దన్నారు కదండీ. అది చాలదూ?”

మధ్యాహ్నం పెరుగన్నం తింది. ఆరిన గుడ్డకి మూడు అంచులు మడిచి కుట్టింది. రెండేసి మడతలు, చీమ దూరనంత దగ్గరగా. “నాలుగోది లేచాక కుడతాను. మీరు ముట్టుకోకండి, మీ కుట్టు చూస్తే నాకు తలనొప్పి” అని పడుకుంది.

లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. రాయడానికి ఇంకేం లేదు.

2. రేవులోనే

కర్మలు పూర్తయ్యాయి. వచ్చినవాళ్లు వెళ్లారు. నాలుగో అంచు నేనే కుట్టాను. తలనొప్పి వచ్చేలాగే ఉంది.

ఈ పడవ పేరు గోరింక. వకుళ దగ్గరుండి కట్టించుకుంది. తను రేవులో పెద్ద ఓడలకి దారి చూపించే ఉద్యోగం చేసేది. నేను కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇద్దరం రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి పడవలోకి మారాం. తను సారథి. నేను వంట. నాకిప్పుడు వేరే చోటు లేదు.

రేవు కచేరీకి వెళ్లి గుమాస్తాకి ముద్ర చూపించాను.

“సారథి పోయిందండీ. వీసా చెల్లుతుందా?”

అతను ముద్రని గోటితో గీరి చూశాడు. “వీసా పడవకండీ, మనిషికి కాదు. పడవ బాగానే ఉందా?”

“బాగానే ఉంది.”

“మరింకేం. తమరెవరు?”

“పరాంకుశం. వంట చేస్తాను.”

“అయితే మీరు పడవ సామాన్లోకి వస్తారు. సామానుకి వీసా అక్కర్లేదు.”

నిజమే. కిందటేడు వీసా ఇంటర్వ్యూకి మేం గోరింకనే తీసుకెళ్లాం. నీటిపేట రాయబారి దాని చుట్టూ ఒకసారి ఈదాడు. అడుగున తట్టి చూశాడు. పడవ ముక్కుకెదురుగా నీళ్లలో నిలబడి కాసేపు దాని మొహంలోకి చూసి, తువ్వాలు అడిగి తుడుచుకుని వెళ్లిపోయాడు. మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు.

కాగితాల్నీ ఫోటోల్నీ మనుషుల గొంతుల్నీ యంత్రాలు అచ్చు గుద్దినట్టు తయారుచెయ్యడం మొదలెట్టాక, సముద్రం మీద వాటిని నమ్మేవాళ్లు లేకుండా పోయారు. ఇప్పుడు చెల్లేవి మూడు: చేత్తో నొక్కిన మట్టి, కంటికి కనబడే గుడ్డ, నీళ్ల మీద తేలే చెక్క. ఇందులో తర్కదోషం ఎక్కడుందా అని చాలాకాలం వెతికాను. దొరకలేదు.

ఎందుకు వెళ్తున్నావని ఒకరిద్దరు అడిగారు. ముద్ర వచ్చింది కనక, అన్నాను.

3. సముద్రం

గాలి బాగుంది. తెరచాప దించడం, ఎత్తడం యంత్రం చూసుకుంటుంది. మిగతావి నేను.

పడవంతా వకుళ సుద్దముక్కతో రాసి పెట్టింది. చుక్కాని దగ్గర: “ముట్టుకోకండి.” ముందు తాడు దగ్గర: “ఇది అస్సలు ముట్టుకోకండి.” లంగరు గొలుసు పక్కన: “నన్ను పిలవండి.” వంటగదిలో మాత్రం ఏమీ రాయలేదు.

అన్నీ ముట్టుకుంటున్నాను. ఇప్పటిదాకా ఏదీ విరగలేదు.

4. గీత బయట

వచ్చేశాను. నీటిపేట అల్లంత దూరాన కనబడుతోంది. తేలే పలకల మీద కట్టిన ఇళ్లు, పైన ఆరేసిన వలలు, వాటి మీద కాకులు. కాకులకి వీసా ఎవరిచ్చారో తెలీదు. సముద్రం పైకొచ్చినప్పుడు శ్రీకాకుళం ఒడ్డున ఊళ్లు పోగొట్టుకున్న గంగపుత్రులు కట్టుకున్న దేశం ఇది. తమని అప్పుడు ఎవరూ రానివ్వలేదు కనక వీళ్లు కూడా ఎవర్నీ ఊరికే రానివ్వరు.

నీళ్ల మీద వరసగా తేలే పీపాలే గీత. దాని బయట లంగరు వేసి, స్తంభానికి పసుపు జెండా ఎత్తాను. పొద్దు పొడిచినప్పుడు ఎత్తాలి, కుంకినప్పుడు దించాలి. అనుమతి అధికారి వచ్చి పడవని చూసి, గుడ్డని చూసి, లోపలికి రమ్మంటాడు.

పక్కన ఇంకో పసుపు జెండా పడవ ఉంది, ఉప్పు బస్తాలతో. దాని యజమాని లుంగీ సవరించుకుంటూ కేకేశాడు.

“ఏటి బాబూ, కొత్తా? లోనికి రమ్మనీ దానయ్య గారు లేడు. కూతురి పెల్లి.”

“ఎప్పుడొస్తారు?”

“పెల్లయ్యాక.”

“పెళ్లెప్పుడు?”

“మాటలవుతన్నాయట.”

5. అక్కడే

ఇవాళ ఒక సముద్రపు కాకి జెండా మీద రెట్ట వేసింది. అధికారి వచ్చేసరికి శుభ్రంగా ఉండాలి కదా అని దించి, చాకలి సోడా వేసి ఉతికి, పిండి మళ్లీ ఎత్తాను. వంటగదిలోకి వెళ్లి పోపు పెట్టుకుంటున్నాను. బయట గొలుసులు గలగలా లాగుతున్న చప్పుడు.

వచ్చి చూస్తే ఉప్పు పడవ వెళ్లిపోతోంది. దాని వెనక, మధ్యలో వచ్చి చేరిన ఇంకో రెండు.

“ఓరి నాయనో! పేలుడు సామానేటి తెచ్చినావు!” ఉప్పాయన అరుస్తున్నాడు.

పైకి చూశాను. జెండా ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు, పారాణి ఎరుపు. ఎర్ర జెండా ఉన్న పడవలో మందుగుండు ఉన్నట్టు లెక్క.

“పసుపండీ అది!” నేనూ అరిచాను.

“పసుపైతే ఎరుపేటి?”

“సోడా వేసి ఉతికాను!”

“ఎవుడైనా జెండాని ఉతుకుతాడేటి!”

సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని తెలుసు. సోడా కూడా సున్నానికి చుట్టమేనని ఆ క్షణానికి తోచలేదు. దించి చింతపండు నీళ్లలో నానబెట్టాను. పసుపు తిరిగొచ్చింది. ఎత్తాను. ఉప్పాయన మాత్రం పావుమైలు దూరానే లంగరేసుకున్నాడు. అక్కణ్ణుంచే నమస్కారం పెట్టాడు.

వకుళ ఉంటే వారం రోజులు నవ్వేది.

6. అక్కడే

దానయ్య రాలేదు. ఎండ విపరీతంగా ఉంది. పప్పు, అన్నం, చారు. తాళ్లు తుడిచాను. మళ్లీ పప్పు. పొద్దున్న జెండా ఎత్తుతాను, సాయంత్రం దించి మడత పెడతాను.

7. అక్కడే

ఇవాళ సూర్యుడు కుంకుతుండగా డోలూ సన్నాయీ వినబడ్డాయి. పెళ్లివారనుకున్నాను. దానయ్య కూతురి పెళ్లి సముద్రం మీదే చేస్తున్నారేమో అనుకున్నాను.

పడవ నేరుగా నా దగ్గరికే వచ్చింది. ముందు ఒకావిడ నిలబడి ఉంది, నలభై దాటి ఉంటాయి, బిగించి కట్టిన చీర, చేతిలో బంతిపూల దండ. వెనక నలుగురు వాయించేవాళ్లు. ఆవిడ గోరింక మీదికి ఒక్క అంగలో ఎక్కి దండ నా మెళ్లో వేసింది.

“రండి బాబూ, రండి. నా పేరు మైలపల్లి నూకరత్నం. శరణార్థుల శాఖ. ఇంక మీరు ఏటికీ బెంగెట్టుకోకండి.”

“నేను శరణార్థిని కాదండీ. చూడ్డానికొచ్చాను.”

“ముందు అందరూ అలాగే అంటారు.”

“అందరూ అంటే ఎంతమంది?”

ఆవిడ కాస్త తడబడింది. “మీరే మొదటోరు.”

ఆవిడ వేలు పైకి చూపించింది. నేను చూశాను. స్తంభం మీద రెపరెపలాడుతున్నది తెల్ల గుడ్డ. ఎక్కడో లేత మీగడ ఛాయ. అంతే. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

నీడన ఆరెయ్యమంది వకుళ. తర్వాత సంగతి చెప్పలేదు.

“పొద్దు పొడిచిన కాడ్నించీ పొద్దుగూకేదాకా తెల్ల జెండా ఎత్తినారు. మా పీపాల కావలోలు సూసినారు. తెల్ల జెండా ఎత్తినోడు పడవని మాకు అప్పజెప్పీసినట్టు. మావు ఆడికి నీడ ఇయ్యాల. అది మా సట్టం.”

“ఇది పసుపు జెండా. ఎండకి వెలిసింది.”

“మీ మనసులో ఏటున్నాదో మాకక్కర్లేదు బాబూ. గుడ్డేటంటే అదే.”

“పడవని ఏం చేస్తారు?”

“సోమారం లాక్కెల్లి పలకలు ఇప్పీసుకుంటాం.” నా మొహం చూసి గొంతు తగ్గించింది. “ఆ పలకల్తోటే మీకు మంచం సేయిత్తాం. మీ పడవ మీదే పడుకున్నట్టుంటాది.”

మెళ్లో దండతోనే పలకల మీద కూర్చున్నాను. ఆవిడ సంతోషం పట్టలేకపోయాననుకుని వాయించేవాళ్లకి సైగ చేసింది. వాళ్లు ఇంకోసారి అందుకున్నారు.

8. గీత లోపల, కావలి పలక దగ్గర

గోరింకని తెచ్చి ఇక్కడ కట్టేశారు. సోమవారం దాకా గడువు. నన్ను కిందికి దిగమన్నారు. దిగలేదు.

సారథి ఏదీ అని నూకరత్నం అడిగింది. రాలేదన్నాను. పొద్దున్నే చేపల పులుసు పంపించింది. తిననని తిరిగి పంపాను. అన్నం మీద అలిగాననుకుని తనే వచ్చింది.

“సేప తినరా? సముద్రం మీదుండి?”

“మా ఇళ్లల్లో తినరు.”

“మరి ఏటి తింటారు?”

“పప్పు.”

ఆవిడ నన్ను నిజమైన జాలితో చూడ్డం అదే మొదటిసారి.

మధ్యాహ్నం దానయ్య వచ్చాడు. సూరాడ దానయ్య, అనుమతి అధికారి. పొట్టిగా, బోసినోరుతో, నోటినిండా తాంబూలంతో ఉన్నాడు. పెళ్లి బట్టలు ఇంకా విప్పలేదు. పడవ ఎక్కుతూనే నూకరత్నం మీద పడ్డాడు.

“నా పడవని నువ్వెలా పట్టుకున్నావే? వీసా ముద్ర నా సేత్తో నొక్కినాను. పోయినేడు దీని అడుగున ఈదింది నాను!”

అప్పుడు గుర్తుపట్టాను. తువ్వాలు అడిగింది ఇతనే. ఆ దేశంలో రాయబారీ అనుమతి అధికారీ ఒకడేనన్నమాట.

“ఈదితే ఈదినావు,” అంది నూకరత్నం. “నువ్వు పెల్లిలో గారెలు తింటంటే ఆయన ఇక్కడ తెల్ల జెండా ఎత్తినాడు. నువ్వు బేగి ఒచ్చుంటే నీకే దక్కును.”

“అది పసుపు జెండా.”

“నీ కల్లు పచ్చబడ్డాయి బావా. పెల్లిలో ఏటి తాగినావో.”

ఆయన ఈవిడకి వరసకి బావట. ఇక్కడ అందరూ ఒకరికొకరు ఏదో ఒకటి అవుతారు. నేను ఉప్మా చేసి ఇద్దరికీ పెట్టాను. తిన్నంతసేపూ తగవు ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది.

నా దగ్గర ఫోటో ఉందని చెప్పాను. మచిలీపట్నంలో ఆరేసినప్పుడు తీశాను. పచ్చగా మెరుస్తోంది.

దానయ్య దాని వంకైనా చూడలేదు. “ఫొటోలో మా సచ్చిపోయిన తాత గాల్లో ఎగురుతాడు మాస్టారూ. ముట్టుకుని సూసీది ఏటైనా ఉంటే సెప్పండి.”

“ఉప్పు పడవ ఆయన చూశాడు.”

“ఎర్రగా ఉన్నాదని అరిసింది ఆడే కదా,” అంది నూకరత్నం. “ఎరుపో, పసుపో, తెలుపో మీరే ఒకటి తేల్చుకోండి.”

చట్టం ఏమిటంటే, గుడ్డ రంగు మీద తగవొస్తే రెండు శాఖలూ ఒక మాట మీదికి రావాలి. రాకపోతే ఆఖరున కనబడ్డ రంగే ఖాయం. అంటే తెలుపు. అంటే మంచం.

వెళ్లబోతూ దానయ్య నా చెవిలో చెప్పాడు. “అది పీడించాలని కాదు మాస్టారూ. దాని శాఖ ఈ నెలాకరికి మూసేత్తన్నారు. ఉప్పెన రోజుల్లో పెట్టినారు. తరవాత ఒక్కడూ రాలేదు. ఎవుడొత్తాడు ఈ గొడ్డు నీళ్లలోకి? అదీ, దాని వంటామె, ఆ వాయించీ నలుగురూ రోజూ గదులు తుడుసుకుని కూకుంటారు. ఒక్కడు దొరికితే ఇంకో పదేళ్లు ఉంచుతారు.”

“నేను దొరికాను.”

“దొరికినారు,” అన్నాడు, పాపం అన్నట్టు.

9. అక్కడే, ఆదివారం

దానయ్య పొద్దున్నే వచ్చాడు, ఒక ఆలోచనతో. “గుడ్డ పైన ఎండ తగుల్తాది. అంచు మడతలో తగల్దు. లోన రంగుంటాది. ఇప్పి సూద్దాం. దాన్ని కూడా పిలిసినాను. దాని కల్లతో అదే సూడాల.”

ఆలోచనలో తప్పు లేదు. నేను చూసుకోవలసిందే. చూసుకోలేదు. చూసుకోదలుచుకోలేదేమో.

నూకరత్నం వచ్చి జెండా ఒళ్లో పెట్టుకుని అంచులు తడిమింది. వేళ్లు నాలుగో అంచు దగ్గర ఆగాయి.

“ఇదెవులు కుట్టినారు? గోతాం మూతి కుట్టినట్టున్నాది.”

“నేను.”

“మిగతాయి?”

“మా ఆవిడ.”

“సక్కటి సెయ్యి. ఆవిడ రాలేదన్నారు. ఊర్లో ఉన్నాదా?”

“లేదు.”

“మరెక్కడ?”

“లేదు,” అన్నాను మళ్లీ.

ఆవిడకి అర్థమైంది. దానయ్య తాంబూలం నమలడం ఆపాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లి టీ నీళ్లు పెట్టాను. టీ ఎవరూ అడగలేదు.

“ముందు మాస్టారిదే ఇప్పుతాను,” అంది నూకరత్నం. జడలోంచి పిన్ను తీసి నా కుట్టు కిందికి దూర్చింది. రెండు లాగుళ్లకి మొత్తం ఊడొచ్చింది. మడత విప్పి వెలుగులోకి పట్టుకుంది.

దానయ్య వంగి చూశాడు. “మజ్జిగ రంగు.”

“ఒక్క మడతేసి వదిలీసినారు. సందుల్లోంచి ఎండ దూరిపోనాది,” అంది ఆవిడ. అందులో ఎక్కడా గెలిచిన ధ్వని లేదు.

ఇంక మిగిలినవి వకుళ అంచులు.

ఆవిడ పిన్ను చేత్తో పట్టుకుని కూర్చుంది. అక్కడితో లేచి వెళ్లిపోతే చాలు. గుడ్డ తెల్లగానే ఉంది, విప్పిన అంచూ తెల్లగానే ఉంది. ఆవిడ శాఖ నిలబడుతుంది, నలుగురూ వాయించుకుంటారు. గోరింక మంచమవుతుంది. ఆవిడ లేవలేదు.

“మీరు ఇప్పండి మాస్టారూ.”

“నావల్ల కాదు. మీరే విప్పండి.”

నేను అటు తిరిగి కాకుల్ని చూశాను. వలల మీద చాలా ఉన్నాయి. వెనక నుంచి దారం తెగిన చప్పుడు రాలేదు. తెంపలేదు మరి. ఒక్కో కుట్టూ ఎత్తి, దారం చెడకుండా వెనక్కి లాగుతోంది. ఎంతసేపు పట్టిందో తెలీదు. టీ నీళ్లు ఇంకిపోయి గిన్నె మాడిన వాసన వచ్చింది.

“బొటనవేలంత ఇప్పినాను. సాలు,” అంది.

తిరిగి చూశాను. తెల్ల గుడ్డ మూల, రెండో మడత లోపల, పసుపు. ఇప్పుడే గిన్నెలోంచి తీసినట్టుంది.

నూకరత్నం గొంతు సవరించుకుంది. “తుప్పు మరకయితే?”

“నీకు సిగ్గులేదే?” అన్నాడు దానయ్య.

“శాఖ పని బావా. అడగాల.” తనే అతని తాంబూలం డబ్బాలోంచి సున్నం కాస్త వేలితో తీసి ఆ పసుపు కొసన రాసింది. ఎర్రబడింది. ఆవిడ దానికేసి కాసేపు చూసి, వేలు చీర కొంగుకి తుడుచుకుంది.

“పసుపే. నాను ఒప్పుకుంటన్నాను.”

దానయ్య తడిమట్టి తీశాడు. ఇద్దరూ బొటనవేళ్లు నొక్కారు. అనుమతి వచ్చింది. శరణార్థుల శాఖకి శరణార్థి పోయాడు.

వెళ్లేముందు నూకరత్నం సూది అడిగింది.

“అది అలా ఉండనివ్వండి,” అన్నాను, వకుళ అంచు గురించి.

“అది కాదు. ఈ నాలుగోదాన్ని మాత్రం కుట్టి ఎల్తాను. మీ కుట్టు నాను సూళ్లేకపోతన్నాను.”

సూది ఇచ్చాను. రెండు మడతలు వేసి, బాగా దగ్గరగా కుట్టింది. తల బయటపెట్టి సముద్రం చూస్తున్నట్టు కాసేపు నిలబడ్డాను. సముద్రం చూడలేదు.

10. నీటిపేట

మూడు రోజులుగా ఊరంతా తిరిగాను. వకుళ చెప్పింది నిజం. చూడ్డానికేమీ లేదు. వలలు, పీతలు, పీతల గురించి తగవులు. పీపా మీద కూర్చున్న ముసలివాళ్లు నేను వెళ్తుంటే “పప్పు మాస్టారు” అంటున్నారు. దానయ్య కొత్త అల్లుణ్ణి చూపించాడు. అల్లుడికి నా పడవ నచ్చిందిట, నేను నచ్చానో లేదో చెప్పలేదు.

శరణార్థుల ఇల్లు ఊరి చివరి పలక మీద ఉంది. ఆరు గదులు. పరుపులు ఎండలో వేసి ఉన్నాయి, ఎవరూ పడుకోకపోయినా వారం వారం వేస్తారట. వంటామె నన్ను చూసి ఆగమని లోపలికి వెళ్లి పప్పు తెచ్చింది. నా కోసమే నేర్చుకుంది. అందులో ఎండురొయ్యల పొడి వేసింది, రుచి కోసం. తిన్నట్టు నటించి కాకికి పెట్టాను. వాకిట్లో నలుగురూ సన్నాయి, డోలు సంచుల్లో కడుతున్నారు. నెలాఖరు ఎల్లుండి.

నూకరత్నం తాళాలు వరసగా పరిచి నూనె పెడుతోంది. “అప్పజెప్పీటప్పుడు బిగుసుకుపోకూడదు కదా,” అంది. నన్ను నిందించలేదు. అదే బాగుండలేదు.

సాయంత్రం దానయ్య గోరింక మీదికి వచ్చాడు. టీ ఇచ్చాను.

“దానయ్యగారూ, చట్టంలో సందేహం. తెల్ల జెండా ఏ పడవ ఎత్తినా ఒకటేనా?”

“ఒకటే. పెద్దదీ చిన్నదీ లేదు. మనిసిని మోసీది ఏదైనా పడవే.”

“గోరింక వెనక చిన్న తెప్ప ఉంది. ఒడ్డుకి దిగడానికి. నేను ఒక్కణ్ణే పడతాను.”

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

“దానికి వీసా లేదు,” అన్నాను. “గీత దాటి బయటికి వెళ్తే పరాయి పడవ. అక్కడ ఎవరైనా పొద్దు పొడిచినప్పటినుంచి కుంకేదాకా తెల్ల గుడ్డ ఎత్తితే?”

“దాన్ని అప్పజెప్పీసినట్టు.”

“ఎత్తినవాడి మనసులో ఏముందో?”

“మాకక్కర్లేదు.”

“శరణార్థి ఎన్నాళ్లుండాలి?”

“రెండు పూటలన్నం తిని, ఎల్లిపోతానంటే ఎల్లిపోవచ్చు. పొమ్మనకూడదు, ఆపకూడదు.” దానయ్య మెల్లిగా నవ్వడం మొదలెట్టాడు. నోట్లో పళ్లు లేవు కనక నవ్వంతా కళ్లలోకి వచ్చింది. “మాస్టారూ, ఇది మోసం.”

“ఏ వాక్యంలో?”

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. రెండుసార్లు. “దొరకట్లేదు,” అని ఒప్పుకున్నాడు. “ఎండలో పగలంతా కూకోవాల. ఈ వయసులో ఎందుకండీ మీకు?”

“ఇంతకుముందు నన్ను ఉండమన్నారు, వద్దన్నాను. ఇప్పుడు వెళ్లొచ్చు అన్నారు.”

“అయితే?”

“అయితే ఏం లేదు. మా ఆవిడకి ఇలాంటివి ఇష్టం.”

అతను గ్లాసు కడిగి బోర్లించాడు. “నాకేటీ వినబడ్లేదు. గోరింకని నాను సూసుకుంటాను. దానికి సెప్పకండి, ముందే దండ గుచ్చీసుకుని కూకుంటాది. పీపాల కావలోడికి మాత్రం కల్లు సరిగ్గా తుడుసుకోమని సెప్తాను.” దిగబోతూ ఆగాడు. “తెల్ల గుడ్డ ఉన్నాదా?”

ఉంది. జెండాని మాత్రం దానికి వాడను.

రేపు పొద్దున్న వెలుగు రాకముందే తెప్ప విప్పి, తెడ్డు వేసుకుంటూ గీత బయటికి వెళ్తాను. మంచినీళ్లు, గొడుగు, రొయ్యల పొడి లేని పులిహోర పట్టుకెళ్తాను. లోపల నిక్కరు వేసుకుంటాను. సూర్యుడు కనబడగానే పంచె విప్పి తెడ్డుకి కట్టి ఎత్తుతాను. డోలు వినబడేదాకా దించను.